ఏథెన్స్ వంతెన స్టోన్ మౌంటెన్‌కి ఎందుకు వచ్చింది?

  ఇవాళ్టి ఎపిసోడ్ ఒక చెక్క వంతెన గురించి. ‘చెక్క వంతెన గురించి ఇరవై నిమిషాలు వినాలా బాబూ’ అని స్కిప్ కొట్టకండి. ఈ వంతెన ఒక ఊళ్ళో పుట్టింది, డెబ్భై ఏళ్ళకి పైగా అక్కడే ఉంది, తర్వాత ఊరు మారింది. కట్టింది ఎవరో ఒకపక్క పెట్టి, తెచ్చి నిలబెట్టింది ఎక్కడో ఇంకోపక్క పెట్టి చూస్తే, ఈ టాపిక్ ఎందుకు తీసుకున్నానో మీకే అర్థమవుతుంది.

ముందు చోటు చెప్తాను. అమెరికాలో జార్జియా రాష్ట్రం, అట్లాంటాకి తూర్పున ఓ పదిహేను మైళ్ళ దూరంలో స్టోన్ మౌంటెన్ అని పెద్ద గ్రానైట్ కొండ. చుట్టూ ఉన్న నేల మీంచి 825 అడుగులు లేచి నిలబడి ఉంటుంది. మన భువనగిరి కోట కొండ చూసినవాళ్ళకి ఏకశిల అంటే ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు, అలా బోర్లించిన మూకుడులా ఉంటుంది.

ఆల్ఫరెటా, కమ్మింగ్, జాన్స్ క్రీక్ వైపు ఉండే తెలుగువాళ్ళకి ఈ కొండ బాగా పరిచయం. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చారంటే మొదటి నాలుగు వీకెండ్లలో ఒకటి ఇక్కడికే. రోప్‌వేలో పైకి, అక్కడ గాలికి చీర కొంగు పట్టుకుని అత్తయ్యగారికి ఒక ఫోటో, కిందికి దిగి గడ్డి మీద దుప్పటి పరిచి పులిహోర డబ్బా, చీకటి పడ్డాక లేజర్ షో. అందరూ చూసేది ఒకే వైపు, కొండకి చెక్కిన పెద్ద బొమ్మ వైపు.

అదే పార్కులో చెరువు ఉంది. చెరువులో ఒక చిన్న దీవి. ఆ దీవికి వెళ్ళడానికి ఒక చెక్క వంతెన. దానికి రెండు పక్కలా చెక్క గోడలు, పైన ఇంటికి ఉన్నట్టే కప్పు. వీటిని కవర్డ్ బ్రిడ్జ్ అంటారు. మనం కప్పు వంతెన అనుకుందాం. చాలామంది దాని ముందు రెండు ఫోటోలు దిగి ‘క్యూట్‌గా ఉంది’ అనుకుని వచ్చేస్తారు. నిజానికి ఆ పార్కులో బాగా చూడాల్సిన వస్తువు అదే అని నా అభిప్రాయం. ఎందుకో చెప్తాను.

ఈ వంతెన ఆ చెరువు కోసం కట్టింది కాదు. 1891లో ఏథెన్స్ అనే ఊళ్ళో కట్టారు. గ్రీసులో ఉన్న ఏథెన్స్ కాదు, జార్జియాలోనే ఉన్న ఏథెన్స్, యూనివర్సిటీ ఆఫ్ జార్జియా ఉండే ఊరు. అక్కడ నార్త్ ఓకోనీ అనే నది మీద, కాలేజ్ అవెన్యూనీ హాబ్సన్ అవెన్యూనీ కలుపుతూ ఉండేది. పొడవు 150 అడుగుల పైచిలుకు. ఖర్చు 2,500 డాలర్ల లోపే. కట్టిన కాంట్రాక్టర్ పేరు వాషింగ్టన్ కింగ్. నల్లజాతి మనిషి. ఈయన తండ్రి పేరు హొరేస్ కింగ్. తండ్రి బానిసగా పుట్టాడు. ఈ తండ్రీకొడుకుల దగ్గరికి మళ్ళీ వస్తాను, ముందు ఒక ఇంజనీరింగ్ ప్రశ్న.

వంతెనకి కప్పు ఎందుకు? నేను బీటెక్‌లో చదివింది కంప్యూటర్ సైన్స్, సివిల్ కాదు, కాబట్టి నాలాంటివాళ్ళకి అర్థమయ్యేలా చెప్తాను. కప్పు మనుషులు తడవకుండా అని చాలామంది అనుకుంటారు. గుర్రాలు నీళ్ళు చూసి బెదరకుండా అని ఇంకో కథ చెప్తారు. అసలు కారణం చాలా మామూలుది. చెక్క తడిస్తే కుళ్ళుతుంది. వంతెన బరువు మోసేది దాని రెండు పక్కల ఉండే చెక్క చట్రం. ఆ చట్రానికి వానా ఎండా నేరుగా తగిలితే పది, ఇరవై ఏళ్ళలో పాడైపోతుంది. పైన కప్పేసి, పక్కన పలకలు కొట్టేస్తే వందేళ్ళు దాటినా నిలుస్తుంది. అంటే కప్పు కాపాడేది చట్రాన్ని. మనం నీడన నడవడం అనేది బోనస్. అమెరికాలో ఈ పద్ధతి 1805లో ఫిలడెల్ఫియాలోని పెద్ద వంతెనతో మొదలైంది. కొత్తగా కట్టిన వంతెన ఎక్కువ కాలం మన్నాలంటే కప్పు వేయండి అని రిచర్డ్ పీటర్స్ అనే జడ్జి పట్టుబట్టి వేయించాడు.

రెండో ప్రశ్న, ఆ చట్రం ఎలా ఉంటుంది? మన పల్లెల్లో తడిక చూశారు కదా, వెదురు బద్దలు ఏటవాలుగా ఒకదాని మీద ఒకటి అల్లి కడతారు. ఈ వంతెన పక్కలు కూడా అచ్చం అలాంటి పెద్ద తడికలే. వెదురు బదులు చెక్క పలకలు. పలక మీద పలక దాటిన ప్రతి చోటా రంధ్రం తొలిచి, అందులో గట్టి కొయ్య చీలలు దిగ్గొడతారు. ఈ డిజైన్ ఇతియెల్ టౌన్ అనే ఆర్కిటెక్ట్‌ది, 1820లో పేటెంట్ తీసుకున్నాడు. అందుకే టౌన్ లాటిస్ అంటారు. ఇందులో తెలివి ఏంటంటే, పెద్ద పెద్ద దూలాలు అక్కర్లేదు. మామూలు కోత మిల్లులో దొరికే పలకలు చాలు. అన్నీ ఇంచుమించు ఒకే సైజు. ఎవరైనా మంచి వడ్రంగి దగ్గరుండి చేయించగలడు. టౌన్ గారి బిజినెస్ మోడల్ కూడా బాగుండేది. తన డిజైన్ వాడితే అడుగుకి ఒక డాలర్. చెప్పకుండా వాడి దొరికితే అడుగుకి రెండు డాలర్లు. సాఫ్ట్‌వేర్ లైసెన్సింగ్ 1820లలోనే ఉందన్నమాట.

ఈ డిజైన్‌లో ఇంకో గుణం ఉంది, మన కథకి అదే ముఖ్యం. చీలలతో బిగించినది, చీలలు తీస్తే విడిపోతుంది. పలకలకి నంబర్లు వేసుకుంటే ఒకచోట విప్పి ఇంకోచోట బిగించొచ్చు. కట్టేటప్పుడే కొన్ని వంతెనలకి ఇలా చేసేవాళ్ళు. నది పక్కన పొలంలో నేల మీద చట్రం మొత్తం పేర్చి, సరిగ్గా కూర్చుందో లేదో చూసుకుని, నంబర్లు వేసి, విప్పి, నది మీదికి తీసుకెళ్ళి మళ్ళీ పేర్చేవాళ్ళు. కాబట్టి చెక్క వంతెన ఊరు మారడం అనేది వింతేం కాదు. అమెరికాలో చాలా కప్పు వంతెనలు ఇలా ఊళ్ళు మారాయి. పలకలు వస్తాయి, చీలలు వస్తాయి. ఏం రాదు అన్నదే ప్రశ్న.

ఇప్పుడు తండ్రి కథ. హొరేస్ కింగ్ 1807లో సౌత్ కెరొలైనాలో పుట్టాడు. ఆఫ్రికన్, యూరోపియన్, కటాబా అనే స్థానిక తెగ, మూడు రక్తాలూ కలిసిన మనిషి. పుట్టుక మాత్రం బానిసగా. జాన్ గాడ్విన్ అనే వంతెనల కాంట్రాక్టర్ ఆయన్ని కొన్నాడు. 1832లో ఇద్దరూ జార్జియా, అలబామా సరిహద్దులో ఉన్న చాటహూచీ నది దగ్గరికి వచ్చారు. కొలంబస్ అనే ఊళ్ళో ఆ నది మీద వంతెన కట్టే పని దొరికింది. అది టౌన్ లాటిస్ వంతెనే. 1841 వరదలో కొట్టుకుపోతే మళ్ళీ వీళ్ళే కట్టారు. ఆ తర్వాత చాటహూచీ పొడవునా ఒక ఊరి తర్వాత ఒక ఊరు. కాంట్రాక్ట్ కాగితం మీద గాడ్విన్ పేరు. వంతెన దగ్గర పని నడిపేది హొరేస్ కింగ్.

ఇక్కడ ఒక్క విషయం ఆగి చూడాలి. 1837లో గాడ్విన్ కింగ్‌ని తన భార్య పేరు మీదికి, ఆమె మామయ్య పేరు మీదికి బదిలీ చేశాడు. అప్పులవాళ్ళు జప్తుకి వస్తే కింగ్‌ని పట్టుకుపోకుండా అలా చేసి ఉంటాడని చరిత్రకారులు అంటారు. అంటే ఆ ప్రాంతంలో అందరికంటే మంచి వంతెనల మేస్త్రీ ఎవరయ్యా అంటే, జప్తు చేసే ఆస్తుల లిస్టులో ఎద్దులు, బండ్లు, ఇళ్ళతో పాటు ఉండే మనిషి. ఎంత పనితనం ఉంటే అంత విలువ, కానీ ఆ విలువ ఆయనది కాదు.

1839లో హొరేస్ కింగ్ పెళ్ళి చేసుకున్నాడు. ఆమె పేరు ఫ్రాన్సెస్ గూల్డ్ థామస్. ఆమె బానిస కాదు, స్వతంత్రురాలు. ఇది చాలా పెద్ద విషయం. ఎందుకంటే అప్పటి చట్టం ప్రకారం పిల్లల స్థితి తల్లిని బట్టి ఉంటుంది. తల్లి బానిస అయితే పిల్లలు బానిసలు, తండ్రి ఎవరైనా సరే. తల్లి స్వతంత్రురాలు అయితే పిల్లలు స్వతంత్రులు. ఈ చట్టం పెట్టింది యజమానుల లాభం కోసం, బానిస స్త్రీలకి పుట్టే పిల్లలంతా తమ ఆస్తి కావాలని. అదే చట్టం ఈ ఒక్క ఇంట్లో తిరగబడింది. వాషింగ్టన్ కింగ్ 1843లో పుట్టాడు, స్వతంత్రుడిగా. అప్పటికి తండ్రి ఇంకా బానిసే. మూడేళ్ళ తర్వాత, 1846లో అలబామా శాసనసభ హొరేస్ కింగ్ పేరు మీద ప్రత్యేకంగా ఒక చట్టం చేస్తే అప్పుడు ఆయనకి స్వేచ్ఛ వచ్చింది. ఆ చట్టం కోసం ఆయన పనితనం తెలిసిన రాబర్ట్ జెమిసన్ అనే శాసనసభ్యుడు గట్టిగా పనిచేశాడు.

చాలాచోట్ల వాషింగ్టన్ కింగ్ గురించి ‘విడుదలైన బానిస కొడుకు’ అని ఒక్క ముక్కలో రాసి వదిలేస్తారు. ఆ ముక్క నిజమే. కానీ ఆ ముక్కలో తల్లి లేదు. ఏథెన్స్ వంతెన కట్టినవాడు పుట్టుకతో స్వతంత్రుడు అయ్యాడంటే అది ఫ్రాన్సెస్ వల్ల.

తర్వాత హొరేస్ కింగ్ జీవితం ఇంకా మలుపులు తిరిగింది. 1850, 51 ప్రాంతంలో అలబామా రాజధాని మాంట్‌గోమరీలో శాసనసభ భవనం కట్టేటప్పుడు అందులో గుండ్రంగా తిరిగే మెట్లు ఈయన పనే. మధ్యలో స్తంభం ఆధారం లేకుండా గాల్లో తేలుతున్నట్టు పైకి వెళ్తాయి. వంతెనల మీద నేర్చుకున్న విద్య మెట్ల మీద చూపించాడు. ఈ భవనాన్ని గుర్తుపెట్టుకోండి.

1861లో అమెరికా దక్షిణ రాష్ట్రాలు విడిపోయి కాన్ఫెడరసీ అని వేరే దేశం ప్రకటించుకున్నాయి. బానిసత్వాన్ని కాపాడుకోవడమే దాని మూలం. ఆ కొత్త దేశం పుట్టింది ఈ మాంట్‌గోమరీ భవనంలోనే. దాని అధ్యక్షుడిగా జెఫర్సన్ డేవిస్ ప్రమాణం చేసింది ఈ భవనం ముందే. లోపల మెట్లు హొరేస్ కింగ్ చేతి పని. యుద్ధంలో కింగ్ ఏ పక్షం? ఇక్కడ కథ సినిమాలా ఉండదు. కాన్ఫెడరేట్ నౌకాదళానికి కలప సరఫరా చేయాల్సి వచ్చింది. నదిలో అడ్డుకట్టలు వేయాల్సి వచ్చింది. కాదనే వీలున్న పరిస్థితి కాదు. ఇంకోపక్క యూనియన్ సైన్యం, అంటే బానిసల్ని విడిపించిన సైన్యం, 1864లో మూర్స్ బ్రిడ్జ్ అనే వంతెనని తగలబెట్టింది. అది కింగ్ కట్టింది మాత్రమే కాదు, అందులో ఆయనకి వాటా కూడా ఉంది, టోల్ వచ్చేది. 1865లో కొలంబస్ దగ్గర వంతెనలు కూడా కాలిపోయాయి. యుద్ధం అయ్యాక వాటిని మళ్ళీ కట్టడం ఆయన పనే అయింది.

ఆ తర్వాత 1867లో నల్లజాతి మగవాళ్ళకి ఓటు వచ్చింది. హొరేస్ కింగ్ అలబామా శాసనసభకి ఎన్నికయ్యాడు, రెండు సార్లు. తను చేసిన మెట్లు ఉన్న భవనంలోకే సభ్యుడిగా వెళ్ళాడు. ఒకప్పుడు ఆయనకి స్వేచ్ఛ ఇవ్వాలా వద్దా అని శాసనసభ ఓటేసింది. ఇప్పుడు శాసనసభలో ఆయన ఓటేశాడు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, దాచకూడదు. పాత యజమాని గాడ్విన్ 1859లో చనిపోతే, ఆయన సమాధి మీద రాయి పెట్టించింది హొరేస్ కింగే. పోయిన మిత్రుడి మీద, ఒకప్పటి యజమాని మీద ప్రేమతో అని దాని మీద చెక్కించాడు. ఈ రాయి చూపించి ‘చూశారా, బానిసత్వం అంత చెడ్డదేం కాదు, వాళ్ళూ వాళ్ళూ బాగానే ఉన్నారు’ అనేవాళ్ళు ఉన్నారు. నాకు ఆ వాదన అస్సలు ఎక్కదు. ఇద్దరు మనుషుల మధ్య నిజంగా స్నేహం ఉండొచ్చు. కానీ ఆ స్నేహితుల్లో ఒకడికి ఇంకొకడి పేరు మీద రిజిస్ట్రేషన్ ఉంది. ఆ రిజిస్ట్రేషన్ తీయడానికి శాసనసభ కూర్చోవాల్సి వచ్చింది. శాసనసభ కూర్చోని లక్షల మంది సంగతేంటి? ఆ సమాధి రాయి హొరేస్ కింగ్ మనసు గురించి చెప్తుంది. వ్యవస్థ గురించి చెప్పదు.

1872 ప్రాంతంలో కింగ్ కుటుంబం జార్జియాలోని లాగ్రాంజ్‌కి మారింది. కొడుకులు కింగ్ బ్రదర్స్ పేరుతో వంతెనల పని నడిపారు. 1885లో హొరేస్ కింగ్ కన్నుమూశాడు. అదే ఏడాది వాషింగ్టన్ కింగ్ వాట్సన్ మిల్ వంతెన కట్టాడు, 229 అడుగులు, జార్జియాలో ఇప్పటికీ మిగిలిన కప్పు వంతెనల్లో అదే పొడవైనది. మరుసటి ఏడాది యూహార్లీ వంతెన, జోనథన్ బర్క్ అనే ఆయనతో కలిసి. 1891లో ఏథెన్స్‌ది.

1891 అనే సంవత్సరం కూడా చూడండి. ఆ ఏడాదే జార్జియా శాసనసభ రైలు పెట్టెల్లో తెల్లవాళ్ళకీ నల్లవాళ్ళకీ వేరు వేరు సీట్లు ఉండాలని చట్టం చేసింది. ట్రామ్ బండ్లకి కూడా. అంటే ఒక నల్లజాతి కాంట్రాక్టర్ ఏథెన్స్ నది మీద అందరూ నడిచే వంతెన కడుతున్న ఏడాదే, బండెక్కితే ఎవరి పక్కన ఎవరు కూర్చోకూడదో రాష్ట్రం రాసిపెట్టింది. వాషింగ్టన్ కింగ్ ఆ వాతావరణంలో టెండర్లు వేసి, పనులు గెలిచి, నిలబడే వంతెనలు కట్టాడు. తండ్రికి ఉన్నట్టు నాటకీయమైన జీవిత కథ ఈయనకి లేదు. పని ఉంది.

ఊళ్ళో జనం ఈ వంతెనని కాలేజ్ అవెన్యూ వంతెన అనేవాళ్ళు. ఎఫీస్ బ్రిడ్జ్ అని ముద్దు పేరు కూడా పెట్టారు. ఆ ఎఫీ ఎవరంటే, దగ్గర్లో వేశ్యాగృహం నడిపిన ఆవిడ. ఊళ్ళో ఏ పేరు నిలబడుతుందో మన చేతిలో ఉండదు కదా! కట్టినవాడి పేరు మాత్రం జనం నోట్లో నిలవలేదు.

కాలం మారింది. ఎడ్లబండ్లు, గుర్రబ్బండ్ల కోసం కట్టిన వంతెనల మీదికి కార్లు, లారీలు వచ్చాయి. జార్జియాలో ఒకప్పుడు రెండు వందలకి పైగా కప్పు వంతెనలు ఉండేవి. కాంక్రీటు వచ్చాక ఒక్కొక్కటీ పోయాయి, కొన్ని వరదలకి, కొన్ని మంటలకి, కొన్ని ఎవరూ పట్టించుకోక. ఇప్పుడు ఇరవై కూడా లేవు. ఏథెన్స్ వంతెనకి కూడా అదే గతి పట్టేది. 1965లో దాన్ని స్టోన్ మౌంటెన్ పార్కుకి తరలించారు, సుమారు 18 వేల డాలర్ల ఖర్చుతో. కట్టిన ఖర్చుకి ఏడు రెట్లు. నది మీంచి తీసి, చెరువు మీద పెట్టారు.

ఇప్పుడు ఆ పార్కు సంగతి. ఇందాక పెద్ద బొమ్మ అన్నాను కదా. కొండ మీద చెక్కినవి మూడు గుర్రాలు, ముగ్గురు మనుషులు. జెఫర్సన్ డేవిస్, రాబర్ట్ లీ, స్టోన్‌వాల్ జాక్సన్. కాన్ఫెడరసీ అధ్యక్షుడు, ఇద్దరు సైన్యాధిపతులు. మాంట్‌గోమరీలో కింగ్ మెట్లు ఉన్న భవనం ముందు ప్రమాణం చేసిన డేవిస్ ఈయనే. 1915లో ఈ కొండ మీదే కూ క్లక్స్ క్లాన్ అనే జాత్యహంకార ముఠా మళ్ళీ ప్రాణం పోసుకుంది, శిఖరం మీద శిలువ తగలబెట్టి. చెక్కుడు పని 1923లో మొదలై, ఒక శిల్పి పోయి ఇంకో శిల్పి వచ్చి, 1928లో ఆగిపోయింది. ముప్ఫై ఏళ్ళకి పైగా అలా సగంలో ఉండిపోయింది. 1958లో జార్జియా ప్రభుత్వం కొండని కొంది. 1964లో మళ్ళీ ఉలి పట్టారు. 1970లో ఆవిష్కరణ, 1972లో పూర్తి. తేదీలు చూస్తే మీకే అర్థమవుతుంది. 1954లో స్కూళ్ళలో వేరు పెట్టడం చెల్లదని సుప్రీంకోర్టు చెప్పింది. 1964లో పౌర హక్కుల చట్టం, 1965లో ఓటు హక్కుల చట్టం వచ్చాయి. దేశం అటు నడుస్తుంటే, ఈ కొండ మీద పాత యుద్ధం బొమ్మ పూర్తవుతోంది. 1963లో మార్టిన్ లూథర్ కింగ్ తన ప్రసిద్ధ ప్రసంగంలో స్వేచ్ఛా ఘంట మోగాల్సిన చోట్లు చెబుతూ ఈ కొండ పేరు ప్రత్యేకంగా తీసుకున్నాడు. ఊరికే తీసుకోలేదు. (ఆ కింగ్‌కీ మన వంతెన కింగ్‌లకీ చుట్టరికం ఏం లేదు, ఇంటిపేరు ఒకటే.)

1965లో వంతెన వచ్చి చేరింది ఇలాంటి చోటికి. బానిసగా పుట్టిన వంతెనల మేస్త్రీ దగ్గర పని నేర్చుకున్న కొడుకు కట్టిన వంతెన, ఆ బానిసత్వం కోసం యుద్ధం చేసినవాళ్ళ బొమ్మ ఉన్న పార్కులో. పార్కు రోడ్లకి కూడా ఆ ముగ్గురి పేర్లే పెట్టారు.

తెచ్చినవాళ్ళు దీన్ని ప్రతీకారంగానో, ప్రాయశ్చిత్తంగానో తెచ్చారని నేను అనను. ‘పాత కాలపు అందం’ అనే లెక్కలో తెచ్చారని నాకనిపిస్తుంది. చెరువు మీద చెక్క వంతెన బాగుంటుంది, ఫోటో బాగా వస్తుంది. నిజానికి తేకపోతే ఈపాటికి వంతెనే ఉండేది కాదేమో. కాబట్టి తరలించడం తప్పు అని కూడా నేను అనను. నేను అనేది ఒక్కటే.

నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఉన్నప్పుడు మైగ్రేషన్ ప్రాజెక్టులు చేశాను. పాత సర్వర్ నుంచి కొత్త సర్వర్‌కి డేటా మొత్తం వస్తుంది. ఒక్క రో కూడా మిస్ కాదు, కౌంట్ సరిపోతుంది, అందరూ చప్పట్లు కొడతారు. కానీ ఆ టేబుల్ ఎందుకు పెట్టారు, ఆ కాలమ్‌కి అర్థం ఏంటి అన్నది పాత టీమ్ వాళ్ళ తలల్లో ఉంటుంది. అది మైగ్రేట్ అవ్వదు. ఎవరైనా కూర్చుని రాస్తేనే వస్తుంది. రాయకపోతే కొత్త చోట దానికి కొత్త అర్థం పుడుతుంది. వంతెనకి జరిగింది అదే. నది దగ్గర ఉన్నప్పుడు అది ఎందుకు ఉందో ఎవరూ చెప్పక్కర్లేదు. ఈ గట్టు మనిషి ఆ గట్టుకి పోవాలి, అంతే. ఆ పని దాని అర్థం. నది పోయాక పని పోయింది. అప్పుడు మిగిలేది కట్టిన మనిషి. ఆ మనిషిని కూడా వదిలేస్తే వంతెన చుట్టూ ఉన్న పెద్ద కథలో కలిసిపోతుంది. ఆ పార్కులో పెద్ద కథ కొండ మీద చెక్కి ఉంది, మూడు ఎకరాల వైశాల్యంలో.

మార్పులు జరగట్లేదని కాదు. 2021లో పార్కు బోర్డు కాన్ఫెడరేట్ జెండాలని కొండెక్కే దారి నుంచి తీసి వేరే చోటికి మార్చాలని, కొండ అసలు చరిత్ర చెప్పే ఎగ్జిబిట్ పెట్టాలని తీర్మానం చేసింది. బొమ్మని మాత్రం ముట్టుకోలేరు, దానికి రాష్ట్ర చట్టం రక్షణ ఉంది. ఉంచాలా తీయాలా అన్న గొడవ వాళ్ళ రాష్ట్రంలో చాలా కాలంగా నడుస్తోంది, ఇంకా నడుస్తుంది. మనం చేయగలిగింది అంత పెద్దదేం కాదు.

ఈసారి అమ్మానాన్నల్ని తీసుకెళ్ళినప్పుడు వంతెన దగ్గర ఒక పది నిమిషాలు ఆగండి. లోపలికి వెళ్ళి పక్క గోడలు చూడండి. తడికలా అల్లిన పలకలు కనిపిస్తాయి. ఒక్కో కూడలిలో కొయ్య చీలలు ఉంటాయి, వేలితో తాకి చూడండి. పిల్లలు పక్కన ఉంటే మూడు పేర్లు చెప్పండి, హొరేస్, ఫ్రాన్సెస్, వాషింగ్టన్. కొండ మీది ముగ్గురి పేర్లు అక్కడి స్పీకర్లలోనో, బోర్డుల మీదో ఎలాగూ తెలుస్తాయి. ఈ ముగ్గురి పేర్లు ఎవరో ఒకరు నోటితో చెప్పాలి.

వంతెన తన నది మీదే ఉంటే ఎలా ఉంటుందో చూడాలంటే, ఏథెన్స్‌కి ఈశాన్యంగా కోమర్ అనే ఊరి దగ్గర వాట్సన్ మిల్ స్టేట్ పార్కుకి వెళ్ళండి. అదే కొడుకు చేతి పని, కింద నీళ్ళు రాళ్ళ మీద పారుతుంటాయి, వంతెన దాని పని అది చేస్తుంటుంది. అట్లాంటాకి వాయవ్యంగా వెళ్తే యూహార్లీ. దక్షిణంగా మెరివెదర్ కౌంటీలో రెడ్ ఓక్ క్రీక్ వంతెన, అది తండ్రిది, 1840లలో కట్టింది. ఆయన ఇంకా బానిసగా ఉన్న రోజుల్లోనో, అప్పుడే విడుదలైన రోజుల్లోనో లేచిన చట్రం. మూడూ చూసి తర్వాత స్టోన్ మౌంటెన్ వంతెన చూస్తే, దాని కింద ఏం లేదో మీకు వెంటనే తెలుస్తుంది.

మీరు ఇండియాలో ఉంటే, మీ వాళ్ళెవరైనా అట్లాంటాలో ఉంటే, ఈ వీడియో వాళ్ళకి పంపండి. వచ్చే వీకెండ్ ప్లాన్‌లో పులిహోర డబ్బాతో పాటు ఈ వంతెన కూడా పెట్టుకోమనండి. మీ ఊళ్ళో ఇలా చోటు మారిన కట్టడం ఏదైనా ఉంటే, అది ఎవరు కట్టారో కూడా తెలిస్తే, కింద రాయండి, నేను చదువుతాను.